పిండి కొద్దీ రొట్టె

మా మేడమీది వాటాలోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒకరోజు పొద్దున్నే కిందికి దిగి, పలకరింపు కూడా లేకుండా నాకు వీపు చూపిస్తూ నిలబడింది.

"చూడండాంటీ!" అంది.

చూశాను. నల్లటి కొత్త జాకెట్టు వెనక గిన్నెడు పిండి బోర్లించినట్టు తెల్లగా ఉంది.

"గోడకి ఆనుకుని కాఫీ తాగానంతే" అంది ఆ పిల్ల.

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకి రాలేదు. దాంతో నేనూ నవ్వు మింగేశాను. ఎందుకంటే ఆ గోడకి రంగు వేయించి ఇరవై రోజులు కాలేదు. వేయించింది నేనే. మూడున్నర వేలకి బేరమాడి, ఎంత తెలివైనదాన్నో అని ఆ రాత్రి మావారి దగ్గర గొప్పలు చెప్పుకున్నదీ నేనే.

మాది నాయుడుపేట. స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. ఊరు కదలకుండానే జిల్లా మారిందన్నమాట. జిల్లా కంటే ముందే మారినవి మా ఇళ్ళు. మేనకూరు సెజ్‌లో ఫ్యాక్టరీలు వచ్చాక, ఉద్యోగాలకొచ్చే కుర్రాళ్ళకి గదులు కావలసొచ్చాయి. సొంత ఇల్లున్న వాళ్ళు చాలామంది మేడమీద రెండు గదులూ వంటిల్లూ లేపి 'టులెట్' బోర్డు తగిలించారు. మేమూ తగిలించాం.

మొన్నటిదాకా ఆ వాటాలో ముగ్గురు కుర్రాళ్ళుండేవారు. రెండేళ్ళున్నారు. అద్దె ఏడువేలు, ఒక్క నెలా ఆలస్యం చెయ్యలేదు. ఖాళీ చేసేటప్పుడు గదులు కడిగి మరీ వెళ్ళారు. అయినా అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసుకుని మిగతాది చేతిలో పెట్టాం. "ఇల్లు ఖాళీ చేస్తే రంగులకి ఒక నెల అద్దె కోసుకోవడం ఆనవాయితీ" అన్నారు మావారు. ఆ పిల్లలు మొహమొహాలు చూసుకుని "సరే అంకుల్" అన్నారు.

ఇక రంగులు. మొదట ఒక పెద్దాయన వచ్చాడు. గోడని అరచేత్తో తడిమి, గోటితో గీకి, "పాత సున్నం మీద రంగేసుండారమ్మా. ఇదంతా బరకాల, కడగాల, ఆరాల. ఒక కోటింగు ప్రైమరు, రెండు కోటింగులు రంగు. ఇద్దరికి మూడు రోజుల పని. కూలి ఆరువేలు" అన్నాడు. నేను మూడువేల దగ్గర మొదలుపెట్టాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "తగ్గితే పని చెడతాదమ్మా" అని తువ్వాలు భుజానేసుకుని వెళ్ళిపోయాడు. 'ఎంత పొగరు!' అనుకున్నాను.

రెండో అతను గోడ ముట్టుకోనైనా ముట్టుకోలేదు. "మూడున్నరకి చేసేస్తాలేమ్మా" అన్నాడు. తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఒకరోజూ, మర్నాడు మధ్యాహ్నం దాకానూ చేసి, మరో ఇంటి పనికి పరుగెత్తాడు. గోడలు తెల్లగానే ఉన్నాయి. జాకెట్టు ఆనేదాకా!

అతన్ని పిలిపించి నిలదీశాను. అతనేమాత్రం తొణక్కుండా అన్నాడు గదా, "ఏందమ్మా అట్టా అంటారు? మూడున్నర వేలకి ఎంత గోడ వస్తాదో అంత గోడ చేసినా. మిగతాది మీరు కొనలేదు గదా!"

నవలలు రాసి పొట్టపోసుకునేదాన్ని గదా, ఇంత బాగా కుదిరిన మాట వింటే కోపంలోనూ మెచ్చుకోబుద్ధయింది. అతను వెళ్ళాక లెక్క వేసుకుని చూస్తే నోట మాట రాలేదు. పెద్దాయన అడిగింది ఇద్దరికి మూడేసి రోజులు, అంటే తలా రోజుకి వెయ్యి. ఇతను తీసుకున్నది ఇద్దరికి ఒకటిన్నర రోజుకి మూడున్నర వేలు. రోజుకూలి వెయ్యికి తగ్గనే లేదు! నేను తగ్గించానని మురిసిపోయింది కూలిని. తగ్గింది బరకడం, కడగడం, ఆరబెట్టడం, ప్రైమరు. డిస్టెంపరులో ఎక్కువగా ఉండేది సుద్దపొడే. దాన్ని గోడకి పట్టి ఉంచే జిగురు కొంచెమే. పని తొందరగా తెమలాలని నీళ్ళు ఎక్కువ కలిపితే ఆ కాస్త జిగురూ చాలదు. రంగు గోడని వదిలి జాకెట్టుని పట్టుకుంటుంది.

"ఆ రోజుల్లో పనివాళ్ళు ఇలాగుండేవారా?" అని మీరు నిట్టూర్చబోతున్నారు కదూ! నేనూ నిట్టూర్చాను. మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు గుల్ల సున్నం తెచ్చేవారు. పులికాట్ సరస్సు ప్రాంతంలో దొరికే గుల్లని కాల్చి చేసినది. తొట్టిలో నీళ్ళు పోస్తే బుసబుసా పొంగేది. దాన్ని గుడ్డలో వడగట్టి, బంకా కాస్త నీలిమందూ కలిపి వేసేవారు. సున్నం గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. అందుకు గోడకి తడి కావాలి, పూతకీ పూతకీ మధ్య వ్యవధి కావాలి. మా ఇంటికొచ్చే ఆయన అవన్నీ ఇచ్చేవాడు. అంతమాత్రాన మా నాన్నగారు దండిగా కూలిచ్చేవారనుకోకండి. ఇచ్చేది తక్కువే, అదీ రెండు మూడు విడతల్లో. కాదని వెళ్ళిపోవడానికి ఆయనకి వేరే దారి లేదు. అందుచేత ఆ రోజుల్ని నెత్తిన పెట్టుకోను. అయితే ఒక్క తేడా ఉంది. ఆ గోడల మధ్య ఉండేది మేమే. ఏడాది తిరగ్గానే ఆ గోడ ముందుకే ఆయనా రావాలి. ఇప్పుడు మేడమీద సంగతి అలా కాదు. రంగు ఖర్చు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళది. బేరం నాది. చెయ్యి ఇంకొకరిది. ఆ గోడ మధ్య బతకాల్సింది ఇంకా రాని మనిషి.

సరిగ్గా ఆ వారంలోనే డల్లాస్ దగ్గరుండే మా మేనకోడలు ఫోను చేసింది. వాళ్ళూ అద్దె ఇల్లు మారారు. అక్కడ నేలంతా గోడ నుంచి గోడ దాకా తివాచీ. ఖాళీ చేసేటప్పుడు శుభ్రంగానే అప్పగించినా, తివాచీ కడిగించడానికని డిపాజిట్లోంచి కోసుకున్నారట. పోనీ కొత్త ఇంట్లో తివాచీ బాగుందా అంటే, నడిస్తే అరికాలికి జిగురు. రెండు వారాలకే మళ్ళీ నలుపు. తివాచీ కడగడమంటే సబ్బు కలిపిన వేడినీళ్ళు చిమ్మి, యంత్రంతో పీల్చెయ్యడం. తర్వాత మంచినీళ్ళు చిమ్మి మళ్ళీ పీల్చాలి. ఆ రెండోసారి ఎగ్గొడితే సబ్బు అడుగునే ఉండిపోయి, కొత్త మట్టిని పిలిచి మరీ అంటించుకుంటుంది. కడిగినతనికి ఇంటికింతని ఇస్తారట, గంటకింతని కాదు. నాలుగిళ్ళు చేస్తే పొట్ట నిండదు, ఎనిమిదిళ్ళు చెయ్యాలి. ఆ దేశపు కేంద్ర చట్టంలో కనీస కూలి గంటకి 7.25 డాలర్లు. 2009 నుంచీ అదే అంకె. సొంత కాంట్రాక్టరు పేరుతో పనిచేస్తే అదీ వర్తించదు.

"అత్తా, ఇక్కడి టెక్సాస్ చట్టం ప్రకారం మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి డిపాజిట్ కొయ్యకూడదు. అరుగుదల అద్దెలోనే ఉంటుంది గదా!" అంది మా పిల్ల.

"అన్యాయం కాకపోతే ఏమిటి! వదలకు. గట్టిగా అడుగు!" అన్నాను ఆవేశంగా.

ఫోను పెట్టేశాక మేడమెట్ల వైపు చూడబుద్ధి కాలేదు. ఆ కుర్రాళ్ళ ఏడువేలలో కూలి 3,500, రంగూ సామానూ 1,700. మిగిలిన 1,800 నా బీరువాలో ఉన్నాయి!

మావారు బ్యాంకు లెక్కల మనిషి. "ఒప్పుకున్నాక సరిగా చెయ్యడం వాడి ధర్మం. గిట్టకపోతే మానెయ్యాల్సింది" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని నేను బి.ఏ.లో చదివిన రస్కిన్ గుర్తొచ్చాడు. 1860లో ఆయన లండన్ పత్రిక ఒకదానిలో కూలి గురించి వ్యాసాలు మొదలుపెడితే, పాఠకులు మండిపడి నాలుగింటితో ఆపించారు. 1862లో అవే పుస్తకంగా వచ్చాయి. 'అన్‌టు దిస్ లాస్ట్'. గాంధీగారు 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్ళే రైల్లో దాన్ని చదివి, రాత్రి నిద్రపోలేదు. 1908లో 'సర్వోదయ' పేరుతో గుజరాతీలో దాని సారం రాశారు. రస్కిన్ వాదన ఇది. జబ్బు చేస్తే తక్కువకి చూసే వైద్యుణ్ణి వెతకం. ఫీజు ఫీజే, మంచి వైద్యుణ్ణే ఎంచుకుంటాం. కూలిపని దగ్గరా అలాగే ఉండాలి. రేటు ఒకటే ఉండి, పని తెలిసినవాడికి పని దొరకాలి. అలా కాక, పని చెడగొట్టేవాడు సగం రేటుకి దిగితే, మంచివాడి పనైనా పోతుంది, లేదా అతనూ సగానికే దిగాల్సి వస్తుంది.

ఇదంతా 1860లో ఆయన రాస్తే, నేను నా వరండాలో చేసి చూపించాను!

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. దాన్నీ మరికొన్నిటినీ కలిపి 2019లో చేసిన వేతన కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. రాజ్యాంగంలోని 43వ అధికరణం పనివాడికి బతకదగ్గ వేతనం దొరికేలా ప్రభుత్వం పాటుపడాలంటుంది. కాని వరండాలో కుర్చీ వేసుకుని నేను చేసే బేరం దగ్గరికి ఏ ఇన్స్పెక్టరొస్తాడు? అక్కడ ఉండేది నేనూ, పనివాడూ, మా ఇద్దరి మనస్సాక్షులే.

తప్పు ఎవరిదంటే, ఇద్దరిదీ అంటాను. ఆరువేల పని మూడున్నర వేలకి కాదని అతనికి తెలుసు. పెద్దాయన గోడ గీకి చూపించాడు గనక నాకూ తెలుసు. తెలిసే ఇద్దరం అవుతుందని ఒప్పుకున్నాం. అంటే ఇద్దరం కలిసి ఒక అబద్ధం ఆడాం. దాని ఖరీదు మా ఇద్దరిలో ఎవరూ ఇచ్చుకోలేదు. డబ్బుతో ఆ కుర్రాళ్ళిచ్చారు, జాకెట్టుతో ఈ అమ్మాయిచ్చింది. బేరంలో తగ్గిన ధర ఎక్కడికీ పోదు. బేరం జరిగేటప్పుడు అక్కడ లేని మనిషి నెత్తిన పడుతుంది.

"ఈ డబ్బుకి ఒక్క గదే బాగా చేస్తానమ్మా" అని అతను నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు, అది అతని తప్పు. కాని చెబితే ఆ పూట పని పోతుంది. నిజం వింటే నాకు పోయేదల్లా కాస్త డబ్బు. నిజానికి ఎక్కువ ఖర్చు పెట్టలేనివాడి కంటే, పెట్టగలిగినదాన్ని నాదే పెద్ద తప్పు. ఇంకొకటి. ఈ వ్యాసానికి ఎడిటరుగారు ఎంతిస్తారన్నది ఇక్కడ ఎత్తను గాని, ఎంతిచ్చినా నేను శ్రద్ధగానే రాస్తాను. పెద్ద గుణవంతురాలినని కాదు. కింద నా పేరుంటుంది. గోడ కింద రంగులాయన పేరు ఎవరు రాస్తారు?

పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాం. కడుతున్న అపార్టుమెంటు దగ్గర రాత్రి కాపలాకి కుదిరాడు.

"ఆరువేలకి ఎవరూ పిలవటంలేదమ్మా. మూడున్నరకి చెయ్యలేననా? చేస్తే, ఆ దోవన పొయ్యేటప్పుడల్లా తల అటు తిప్పుకోని పోవాల" అన్నాడు.

వచ్చాడు. మూడు రోజులు, మనవడి వరసయ్యే కుర్రాడితో. గోడ బరికాడు, కడిగాడు, ఆరేదాకా మెట్లమీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడానికి కూడా డబ్బిస్తున్నానని నాలోని బేరాలమనిషి ఒకసారి గొణిగింది. నోరు మూసుకోమన్నాను. ఆరువేలూ లెక్కపెట్టి ఇచ్చాను. వెరసి మొదట ఒప్పుకుని ఉంటే ఆరువేలతో పోయేది తొమ్మిదిన్నర వేలయింది. పైగా రంగు రెండోసారి కొన్నాం.

ఆ రాత్రే కుర్రాళ్ళలో ఒకరికి 1,800 ఫోన్‌లో పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఆంటీ, మీ డబ్బులు పొరపాటున నాకు వచ్చినట్టున్నాయి. తిరిగి పంపించనా?"

మనకి న్యాయంగా రావలసింది వస్తే, అది ఎదుటివాళ్ళ పొరపాటై ఉంటుందనుకునే వయసు కాదు ఆ పిల్లవాడిది. అలా అనుకోవడం మా ఇంట్లోనే నేర్చుకుని వెళ్ళాడేమో!

"పొరపాటు కాదు నాయనా, అవి మీవే" అని రాశాను. మిగతా 5,200 సంగతి మాత్రం ఇంకా రాయలేదు. రెండేళ్ళ అరుగుదల అద్దెలోనే ఉందని నేనూ, ఊరంతా కోసుకునేదేనని మావారూ వాదించుకుంటున్నాం. ఇద్దరం కొత్త గోడకి ఆనుకునే కూర్చుంటున్నాం. జాకెట్టుకేమీ అంటడంలేదు గాని, మనసుకి మాత్రం ఇంకా కాస్త తెల్లగా ఏదో అంటుతూనే ఉంది.

మీరైతే ఏం చేస్తారు?