పరార్థమే వస్తువునకు సార్థకత

వాడుక తీరిన పనిముట్టును ఏమి చేయుట ధర్మము? ఈ ప్రశ్న అల్పముగా తోచును. కాని 'ఇది నాది' అను భావము యొక్క మూలమునే ఇది కదలించుచున్నది.

మన పల్లెలలో పెక్కు ఇండ్ల యందు పాత చేతిమిషను ఒకటి నేటికిని కానవచ్చును. విద్యుత్తు రాని దినములలో ఇల్లాలు అరుగుపై పగటి వెలుతురున కూర్చుండి, కుడిచేత పిడి త్రిప్పుచు, ఎడమచేత గుడ్డను నడపుచుండెడిది. సంక్రాంతికి బిడ్డల లాగులు, గౌనులు, ఇరుగుపొరుగువారి రవికలు దానిపైననే సిద్ధమయ్యెడివి. పెనిమిటిని కోల్పోయిన ఇల్లాండ్రెందరో ఆ కుట్టుకూలితోనే పిల్లలను పెంచిరి. యంత్రవ్యామోహమును ఖండించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో కుట్టుమిషనును మినహాయించిరి. భార్య పడు శ్రమను చూచి ఓర్వలేని ప్రేమయే సింగరుచేత దానిని చేయించినదని వారు చెప్పిరి.

దాని పనియందే ఒక పాఠము కలదు. సూదిమొనచెంతనున్న బెజ్జము ద్వారా పైదారము గుడ్డలోనికి దిగును. లోపలి బాబినునుండి వచ్చు క్రిందిదారము దానితో పెనవేసికొనును. వస్త్రమును చూచువారికి క్రిందిదారము కనుపింపదు. అది లేనిచో కుట్టు నిలువదు. గృహమున తల్లి శ్రమయు అట్టిదే.

ఆ తల్లి అనంతరము కుమారులలో వివాదము పుట్టును. పాతవస్తువుల వర్తకునకు అమ్మిన ధనము వచ్చునని ఒకడనును. అమ్మ జ్ఞాపకము కావున ఎవ్వరును తాకరాదని మరియొకడనును. మొదటిది లోభము, రెండవది భక్తి అని లోకము తలచును. అక్కరకు అమ్ముకొనుట దోషము కాదు. ప్రేమతో దాచుటయు దోషము కాదు. కాని 'ఇది నాది' అను పట్టుదల ఇరువురియందును సమానమే.

విశిష్టాద్వైత సిద్ధాంతమున చేతనాచేతనములు రెండును భగవంతునకు శేషభూతములు. శేషమైనది తనకొరకు గాక పరునికొరకే ఉండును. కావున వస్తువునకు సార్థకత వినియోగమునందే కలదు. విజయదశమినాడు మిషనుకు పసుపు కుంకుమలుంచి, తక్కిన దినములలో తుప్పు పట్టనిచ్చుట పూజకే లోపము.

అయినను తల్లి జీవించియుండగా, చేతులు వణకి కుట్టలేకున్నను, దానిని ఆమె కన్నులయెదుటనుండి తొలగింపరాదు. ఆమె మనస్సు నొప్పించి చేయు దానము దానము కాదు. ఆమె తదనంతరము ఇంట కుట్టువారున్నచో నూనె వేసి వాడవలెను. లేనిచో బ్రతుకుతెరువు కోరు పేదరాలి కొసగుట ఉత్తమము. ఆ మిషను తిరిగి కదలిననాడే తల్లి శ్రమ సఫలమగును.

దర్జీ కుటుంబమున జన్మించిన నామదేవుడు పండరినాథుని భక్తులలో అగ్రగణ్యుడైనాడు. స్వామికి ఉత్సవవస్త్రము కుట్టినను, బీదబిడ్డకు చొక్కా కుట్టినను, అర్పణబుద్ధి యున్నచో రెండును కైంకర్యములే. మమకారమును విడిచి, వస్తువును పరహితమునకు వినియోగించు బుద్ధిని శ్రీనివాసుడు మనకు ప్రసాదించుగాక!