పుష్పకమెవరిది?

శ్రీరామచంద్రుడు లంకనుండి పుష్పకముపై తిరిగి వచ్చెనని మన యిండ్లలో పసిబిడ్డలకు సైతము తెలియును. ఆ పిమ్మట జరిగినది మాత్రము చాలమందికి జ్ఞప్తియుండదు. భరతుని ఆశ్రమముకడ నేలపై దిగినంతనే రాముడు ఆ విమానమును దాని యజమానుడగు కుబేరునియొద్దకు పొమ్మని పంపివేసెను. అన్నయగు ఆ కుబేరునినుండియే దానిని బలిమితో లాగికొన్న రావణుడు చచ్చునంతవరకు విడువలేదు. విమానమొక్కటే, ఎక్కినవారి మనస్సులు వేరు.

దేశాధినేతల విమానములను గూర్చి ఇచ్చట టీకొట్టువద్ద జరిగిన ఒక వాదమును విన్నప్పుడు నాకీ కథ జ్ఞప్తికి వచ్చినది. 2020 అక్టోబరులో మన దేశమునకు రెండు బోయింగు 777 విమానములు వచ్చినవి. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి ప్రయాణములకై అవి ప్రత్యేకముగా అమర్చబడినవి. రెంటికిని కలిపి సుమారు 8,400 కోట్ల రూపాయలైనదని పత్రికలు వ్రాసినవి. పేదదేశమునకు ఇంత వైభవమేల యని ఒకరనిరి. ప్రధానమంత్రిని ఎఱ్ఱబస్సులో పొమ్మందురా యని మరియొకరనిరి. నాకు రెండు మాటలును రుచింపలేదు.

వెలనుబట్టి ధర్మమును నిర్ణయింపబూనినచో ఏమగునో మెక్సికో దేశమున చూడవచ్చును. 2018లో పదవికి వచ్చిన లోపెస్ ఒబ్రదోర్ తనకు ముందున్నవారు కొన్న బోయింగు 787 విమానమును ఎక్కనని పట్టుబట్టి, సామాన్యులతోపాటు ప్రయాణము చేసెను. చూచువారికి ముచ్చటగనే యుండెను. విమానము మాత్రము కొనువారు లేక ఏండ్లతరబడి పడియుండెను. దాని పేర లాటరీ కూడ పెట్టిరి. సుమారు 21 కోట్ల 80 లక్షల డాలర్లకు కొన్నదానిని తుదకు 2023లో తజికిస్థాన్ ప్రభుత్వమునకు సుమారు 9 కోట్ల 20 లక్షలకు అమ్మిరి. నిరాడంబరమునకును ఖర్చున్నది!

కనుక అడుగవలసిన ప్రశ్న మరియొకటి. విమానము మనిషిదా, కుర్చీదా?

1974 ఆగస్టు 9వ తేదీన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వాషింగ్టను విడిచి కాలిఫోర్నియాకు బయలుదేరెను. ఆయన రాజీనామా మధ్యాహ్నము 12 గంటలకు అమలులోనికి వచ్చును. విమానము మిస్సోరీ రాష్ట్రముమీద నుండగా వాషింగ్టనులో ఫోర్డు ప్రమాణస్వీకారము చేసెను. అధ్యక్షుడెక్కిన వైమానికదళ విమానమునకే 'ఎయిర్ ఫోర్సు వన్' అను పిలుపు చెల్లును. కనుక చోదకుడు నేలమీది కేంద్రమునకు తెలిపి, ఆకాశమధ్యముననే ఆ పిలుపును మార్చుకొని 'శామ్ 27000' అయ్యెను. అదే ఆసనము, అదే కిటికీ, అదే మనుష్యుడు. పేరు మాత్రము జారిపోయినది. నేను పదవీవిరమణ చేసిననాటి సాయంకాలము బల్లసొరుగు తాళపుచెవిని అప్పగించినప్పుడు నాకు కలిగిన భావము బహుశా ఆయన భావమునకు దూరపు చుట్టమై యుండును.

ఆ దేశమునకే 2025లో కతారు రాజ్యము ఒక బోయింగు 747ను కానుకగా నిచ్చెను. దాని విలువ సుమారు 40 కోట్ల డాలర్లని అంచనా. తన పదవీకాలానంతరము అది తన పేరిటి గ్రంథాలయమునకు చేరునని అధ్యక్షుడు ట్రంపు ప్రకటించెను. కుబేరుడు కూడ పుష్పకమును మరల రామునియొద్దకే పంపెనని ఉత్తరకాండ చెప్పుచున్నది. రాముడు దానిని పూజించి, తలచినప్పుడు రమ్మని సెలవిచ్చి పంపివేసెనేగాని ఇంట కట్టివేసికొనలేదు.

మన దేశపు నియమము ఈ విషయమున మెచ్చదగినది. ప్రధానమంత్రి ఎన్నికల ప్రచారమునకు వైమానికదళ విమానమును వాడవచ్చును గాని, దానికి బాడుగ ప్రభుత్వమునకు చెల్లింపవలెను. అనగా పని ఎవరిదో ముందుగా వ్రాయవలెను. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీగారి ఎన్నికను రద్దుచేసినప్పుడు వైమానికదళ విమానములను గూర్చిన ఆరోపణ నిలువలేదు. నిలిచినవానిలో ఒకటి సభావేదికలకును లౌడుస్పీకర్లకును ప్రభుత్వోద్యోగులు చేసిన ఏర్పాటు! ఆకాశమున ఎగిరినది గట్టెక్కగా నేలమీది కఱ్ఱలు పట్టియిచ్చినవి. గుమాస్తాలకిది వింతగా తోచదు.

ఇది సొమ్ము లెక్కయే యైనచో ఇంతటితో ముగింపవచ్చును. కాని కాదు. 1977 నవంబరు 4న ప్రధాని మొరార్జీ దేశాయి ప్రయాణము చేయుచున్న వైమానికదళ విమానము అస్సాములో జోర్హాటువద్ద కూలినది. దాని పేరును పుష్పకమే. ముందుభాగము ఛిద్రమై, నడుపుచున్న ఐదుగురు వైమానికదళమువారు మరణించిరి. వెనుకనున్న ఎనుబదియొక్క యేండ్ల ప్రధాని ప్రాణములతో బయటపడెను. 2009 సెప్టెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి రచ్చబండ కార్యక్రమమునకై చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో పోవుచు నల్లమలలో పావురాలగుట్టవద్ద మరణించిరి. ఆనాడును మరునాడును సాస్తిలో తెలుగువారి యిండ్లలో పొయ్యి వెలిగించుటకు ఎవరికిని చేతులాడలేదు. ఆయనతోపాటు కార్యదర్శి సుబ్రహ్మణ్యంగారు, భద్రతాధికారి వెస్లీగారు, చోదకులు భాటియాగారు, ఎం. ఎస్. రెడ్డిగారు పోయిరి. ఈ నలుగురి పేర్లు మనలో ఎందరికి జ్ఞప్తి? రెండు ప్రయాణములును ప్రజాకార్యముపైననే జరిగినవి కనుక వారు దేనికొరకు పోయిరో కాగితము నిజము చెప్పగలదు. ఒక అధినేత స్వంతపనిమీద పోవుచు పుస్తకములో ప్రజాకార్యమని వ్రాయించినచో, ముందు కూర్చున్నవారి ప్రాణములను ఏ ఖాతాలో వ్రాయవలెను?

ఇతరులను ఇట్లు ప్రశ్నించు అర్హత నాకున్నదా యని చదువరులు అడుగవచ్చును. ముప్పదియేండ్ల క్రిందట ఒక కార్యాలయమున జీపు లాగుబుక్కు వ్రాయుపని నాది. తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, కిలోమీటర్లు, పని. ఈ ఐదు గడులలో చివరిదానియందే అబద్ధములన్నియు కాపురముండెడివి. పెండ్లికి పోయినది తనిఖీ యగును. సంతకు పోయినది సమావేశమగును. అధికారి చెప్పెడివాడు, నేను వ్రాసెడివాడను. చెప్పినవానిని లోలోన నిందించుచు, వ్రాసినవానిని క్షమించుచు కాలము గడిపితిని.

ఒక వానకాలపు రాత్రి నా భార్యకు నొప్పులు వచ్చినవి. జీపు తీసికొనిపొమ్మని అధికారి వెంటనే అనెను. ఆ విషయమున ఆయన దొడ్డవాడు. రెండు షిఫ్టులు చేసి నిద్రించుచున్న డ్రైవరును లేపితిని. వర్ధ పొంగి వంతెనమీదికి వచ్చునేమోయని అందరికిని భయము. అతడు మారుమాటాడక నడిపెను. చంద్రపురము చేరితిమి, తల్లియు బిడ్డయు క్షేమముగా నుండిరి.

మరునాడు పుస్తకము తెరచితిని. 'గుమాస్తా భార్య ప్రసవమునకు' అని వ్రాసి బాడుగ కట్టియుండవచ్చును. కాదనువారెవ్వరును లేరు. కాని చేయి అలవాటుచొప్పున 'పంపుహౌసు తనిఖీ' అని వ్రాసెను. పావురాలగుట్ట వార్త చదివిననాడు నాకా గడి కన్నులకు కట్టినది. ఆ రాత్రి వంతెనపై ఏదైన జరిగియుండినచో, ఆ డ్రైవరు పంపుహౌసు తనిఖీలో మరణించినవాడై యుండెడివాడు. అతని యాలికి చేరు కాగితములోను ఆ మాటయే యుండెడిది.

ఉద్యోగము విడుచుటకు ముందు ఆ కిలోమీటర్లకు లెక్కకట్టి, రొక్కము పట్టుకొని క్యాషియరుకడకు పోతిని. ఆయన కళ్లజోడు పైకెత్తి, "ఏ పద్దుక్రింద జమకట్టమందురు? ఆనాడు జీపు పంపుహౌసుకు గదా పోయినది!" అనెను.