లోతుగా త్రవ్వినది

ధ్యానభాగము: లూకా 6:48

అమెరికాలోని కాన్సస్ మైదానములలో గ్రీన్స్‌బర్గ్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట మనుష్యులు చేతులతో త్రవ్విన 109 అడుగుల లోతు బావి 1888వ సంవత్సరమున పూర్తియాయెను. 2007 మే 4వ తేదీ రాత్రి సుడిగాలి ఆ పట్టణములో నూటికి 95 వంతులు పాడుచేసెను. ఇండ్లు, బడులు, దేవాలయములు కూలెను. బావిమీది కట్టడమును పోయెను, బావి నిలిచెను.

ఆ జనులు మనకంటె పాపులని తలంపకుడి. గాలి మన యింటికిని వచ్చును. ఆదివారమున నలుగురిలో పాడు పాట మనకు కలదు. తలుపు వేసికొని చేయు ప్రార్థన కలదా? గాలి వీచు రాత్రి త్రవ్వుటకు సమయముండదు. నేడే త్రవ్వుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.