వెండి బంగారములు లేని చేతులు

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 3:1-10, యిర్మీయా 29:4-7

యెరూషలేము దేవాలయపు గుమ్మమొద్ద ఒక కుంటివాడు కూర్చుండెను. పుట్టుకనుండి అతడు నడక యెరుగడు. అతని వయస్సు నలువది యేండ్లు దాటినదని తరువాతి అధ్యాయము తెలుపుచున్నది. ప్రతిదినము ఎవరో మోసికొనివచ్చి అతని నక్కడ దింపిపోవుదురు. వచ్చిపోవువారు నాణెములు వేయుదురు. డబ్బు దొరకుచునే యున్నది. ఆ డబ్బుతో అతడు ఒక్క అడుగైనను వేయలేకపోయెను.

ఆ గుమ్మములో ప్రవేశింపబోయిన పేతురు తన లేమిని దాచుకొనలేదు. వెండియు బంగారమును తనకు లేవని తేటగా చెప్పెను. అయితే అంతటితో ముందుకు సాగిపోలేదు. మొదట ఆ మనుష్యుని తేరిచూచెను. తరువాత యేసు నామమున మాటలాడెను. పిమ్మట కుడిచేయి పట్టుకొని లేవనెత్తెను. స్వస్థత దేవునిది. పట్టుకొనిన చేయి మాత్రము ఒక బీద జాలరిది.

గుజరాతు రాష్ట్రమున, తాపీనది ఖంభాతు సింధుశాఖలో కలియుచోట, సూరతు పట్టణమునకు చేరువగా హజీరా యున్నది. ఎరువులు, సహజవాయువు, ఉక్కు ఇత్యాది పరిశ్రమలును, ఓడరేవును అక్కడ కలవు. పలు రాష్ట్రముల పనివారు అక్కడికి పొట్టచేత పట్టుకొని వచ్చుచుందురు. సూరతులోని మరమగ్గముల మధ్య తెలంగాణ నేతపనివారి కుటుంబములు ఎన్నో యేండ్లుగా జీవించుచున్నవి.

అట్టిచోట బ్రదుకు ఒక తెలుగు విశ్వాసిని తలంచుడి. జీతమందిన దినముననే గది అద్దె, కిరాణా బాకీ, ఊరిలోని తలిదండ్రులకు పంపవలసినది, చెల్లెలి పెండ్లి అప్పు, అన్నియు లెక్కకు వచ్చును. తీర్చవలసినవి తీర్చునప్పటికి చేతిలో చిల్లిగవ్వ మిగులదు. ప్రక్కగదిలో పరభాషవాడొకడు జ్వరముతో మూలుగుచుండగా, “నాయొద్ద ఏమున్నది? ఇది నా ఊరును కాదు” అని అతడు తలుపు మూసికొనును. అతడు కఠినుడు కాడు. బీదరికము తన్ను పొరుగువాని విషయమై విడుదల చేసినదని నమ్మినాడు. అక్కడనే అతని ఆత్మకు ప్రమాదము పొంచియున్నది.

బబులోనుకు చెరగొనిపోబడిన యూదులు కూడ ఆ మాటయే అనదగినవారు. అది వారి ఊరు కాదు, వారి భాష కాదు. అయినను ఆ పట్టణపు క్షేమమును వెదకుడనియు, దానికొరకు ప్రార్థించుడనియు యిర్మీయా వారికి లేఖ వ్రాసెను. చందాలెత్తి పంపుడని వ్రాయలేదు. పట్టణము క్షేమముగా నున్నయెడల వారికిని క్షేమమేయని దేవుడు తెలియజేసెను.

2006వ సంవత్సరము ఆగస్టు మాసమున ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ పొంగి సూరతును, హజీరా ప్రాంతమును ముంచెత్తెను. అట్టి దినములలో పెట్టెలోని నోట్లు దాహము తీర్చునా? క్రింది యింటివారిని తన మేడమీదికి పిలిచినవాడు, ముసలివారిని భుజముపై మోసినవాడు, కడవలోని మంచినీటిని పంచుకొనినవాడు, వీరే అప్పుడు ధనవంతులు.

ధనముతో కొనగూడని దానము మరియొకటి కలదు. సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు ననుసరించి 1998 జనవరి 1వ తేదీనుండి మన దేశమున సొమ్ము తీసికొని రక్తమిచ్చుట నిషిద్ధము. రక్తమును తయారుచేయు కర్మాగారము హజీరాలో లేదు, భూమిపై ఎక్కడను లేదు. ప్రసవవేళ రక్తస్రావమైన తల్లికిని, యంత్రమున పడి గాయపడిన పనివానికిని, తలసీమియాతో పుట్టి కొన్ని వారములకొకసారి రక్తమెక్కించుకొనవలసిన బిడ్డకును మరియొక మనుష్యుని నరములే ఆధారము. పదునెనిమిది యేండ్లు నిండి, 45 కిలోల బరువుకు తగ్గక, ఆరోగ్యముగా నున్నవాడు వైద్యుల పరీక్షకు లోబడి ఇయ్యవచ్చును. పురుషుడు మూడు నెలలకును, స్త్రీ నాలుగు నెలలకును మరల ఇయ్యవచ్చును. తన రక్తముచేత తన్ను విమోచించిన ప్రభువును ఎరిగినవాడు ఈ చిన్న దానమునకు జంకనేల?

రక్తమియ్యలేనివానికి మాటసాయమున్నది, చేతిసాయమున్నది. గుజరాతీ వచ్చినవాడు రానివానికి ఆసుపత్రిలో నోరు కావచ్చును. చదువు వచ్చినవాడు పొరుగు బిడ్డలకు సాయంకాలము ఒక గంట పాఠము చెప్పవచ్చును. సూది పట్టనేర్చిన స్త్రీకి యొప్పేలోని దొర్కా మాదిరియై యున్నది. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు చూపినవి ఆమె కుట్టిన బట్టలే.

అయితే ఈ సంగతి కలిగినవానికి తప్పించుకొను త్రోవ కాదు. ఆకలిగొన్న సహోదరునికి కూడు పెట్టగలిగియు దీవెన మాటలతో సాగనంపువానిని యాకోబు గట్టిగా గద్దించెను. ఇయ్యగలవాడు సొమ్మిచ్చి, దానితోకూడ తన ముఖమును చేతిని ఇయ్యవలెను. లేనివాడు ముఖమును చేతిని దాచుకొనరాదు. నాణెము విసరి కన్నెత్తి చూడక పోవువాడును, నాణెము లేదని కన్నెత్తి చూడక పోవువాడును ఆ గుమ్మమొద్ద ఒక్కరీతిగానే దాటిపోయిరి.

ప్రక్కగదిలో మూలుగు ఇంకను వినబడుచున్నది. తలుపు తీయుటకు ఖర్చేమియు లేదు. ఒక చెంబు నీళ్లు, తడిగుడ్డ, తెల్లవారువరకు తోడు, ఉదయము ఆసుపత్రివరకు భుజము చాలును.

ప్రార్థన: ప్రభువా, వట్టిచేతులని సిగ్గుపడువానికి ఆ చేతులు నీవే చేసితివని చూపుము. మూసిన తలుపులను తెరువుము. పరదేశమున నున్న నీ బిడ్డలను ఆ స్థలమునకు క్షేమకారణముగా చేయుము. ఆమేన్.