సమన్వయం అనే మాట

మన భాషలో కొన్ని మాటలకు పుట్టుకతోనే మంచిపేరు ఉంటుంది. వాటిని పలికినవాడు పెద్దమనిషి అనిపించుకుంటాడు. ప్రశ్నించినవాడు కలహప్రియుడు అనిపించుకుంటాడు. సమన్వయం అటువంటి మాట. ప్రాచీనానికీ ఆధునికానికీ సమన్వయం, మతానికీ విజ్ఞానానికీ సమన్వయం, యజమానికీ కార్మికునికీ సమన్వయం అని ఏ రెండింటి మధ్యనైనా ఈ మాట వేసి ఊరుకోవచ్చు. వేసిన తర్వాత ఆ రెండింటిలో ఏది ఎంత మిగిలిందని అడిగేవారు తక్కువ. వేర్వేరుగా ఉన్నవాటిని కలపడం ఎప్పుడు న్యాయమవుతుంది, ఎప్పుడు మోసమవుతుంది అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల వల్ల కలగలేదు. చాలా ఏళ్ల క్రితం నేను తెలుగు చెప్పిన ఒక కళాశాలలో వసతిగృహపు వంటవాళ్లు వేసవి సెలవుల రెండు నెలలకూ జీతం ఇమ్మని అడిగారు. యాజమాన్యం కుదరదన్నది. మధ్యవర్తిత్వానికి అధ్యాపకులతో ఒక సంఘం వేశారు. అందులో నేనొకణ్ణి. రెండుసార్లు సమావేశమై, జీతం ప్రస్తావన మానుకుంటే కుటుంబానికొక బస్తా బియ్యం ఇప్పించేటట్టు తేల్చాము. నివేదిక రాసే పని తెలుగు మాస్టారినని నాకు అప్పగించారు. ఉభయుల ప్రయోజనాలనూ సమన్వయపరిచాము అని రాశాను. మాట బాగా కుదిరిందని మిత్రులు మెచ్చుకున్నారు కూడ.

వంటశాలలో అందరికంటే పెద్దామె ఆ కాగితాన్ని నాచేత చదివించుకొని విన్నది. విని, "సారూ, మేమడిగింది జీతం గదా. ఆ మాట ఇందులో యాడుంది?" అన్నది. నిజమే. ఆ నివేదికలో బియ్యం ఉన్నది, సెలవులు ఉన్నాయి, యాజమాన్యపు ఔదార్యం ఉన్నది. జీతం అన్న మాట ఒక్కచోటా లేదు. సంతకాలు అప్పటికే అయిపోయాయి. మొదటి సంతకం నాదే.

ఆ మరునాడు తరగతిలో పద్యానికి అన్వయం చెబుతున్నప్పుడు నేను చేసిన తప్పు నాకు తెలిసివచ్చింది. అన్వయం అంటే ఒకదాని వెంట ఒకటి పోవడం, పొంది ఉండడం. దానికి 'సమ్' చేరితే చక్కని పొందిక. ఛందస్సు కోసం పద్యంలో పదాలు చెల్లాచెదురుగా ఉంటాయి. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో ఉంటుంది. వాటిని అర్థక్రమంలో కూర్చడమే అన్వయం. ఆ పనికి ఒక నియమం ఉన్నది: ఏ పదమూ జారిపోరాదు. ఒక్క పదం మిగిలిపోయినా అన్వయం కుదరలేదనే చెబుతాము. సంధి సంగతి వేరు. 'వాడు', 'ఎక్కడ' కలిసి 'వాడెక్కడ' అయితే మొదటి పదం చివరి అచ్చు పోతుంది. నేను వంటవాళ్లకు చేసింది సంధి. దానికి సమన్వయమని పేరు పెట్టాను.

అన్వయానికి మనవారు రెండు పద్ధతులు చెప్పారు. పదాలను వరుసగా పేర్చుకుంటూ పోవడం దండాన్వయం. ముందు క్రియను పట్టుకొని, ఎవరు, ఎవరిని, దేనితో, ఎందుకు అని ప్రశ్నిస్తూ పోవడం ఖండాన్వయం. పాలకవర్గాలకు మొదటిదే ఇష్టం. అందులో 'దండం' ఉన్నందువల్ల మాత్రమే కాదు, ప్రశ్న లేనందువల్ల.

వేదాంతంలో ఈ మాటకున్న గౌరవం సామాన్యమైనది కాదు. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం పేరే సమన్వయాధ్యాయం. ఉపనిషత్తులలో భిన్నంగా కనబడే వాక్యాలన్నిటికీ బ్రహ్మమందే తాత్పర్యమని చూపడం దాని పని. గొప్ప పనే. అయితే ఆ సూత్రాలనే చేతబట్టి శంకరుడు అద్వైతాన్నీ, రామానుజుడు విశిష్టాద్వైతాన్నీ, మధ్వుడు ద్వైతాన్నీ స్థాపించారు. కలపడం అనేది కలిపేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి ఉంటుందని దీనివల్ల తేలుతున్నది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ సమన్వయాధ్యాయంలోనే, మూడవ పాదంలో, అపశూద్రాధికరణం ఉన్నది. శూద్రునికి వేదవిద్యలో అధికారం లేదని నిర్ణయించేది అదే. బ్రహ్మ స్వరూపం గురించి ఏకీభవించని ముగ్గురు ఆచార్యులూ ఈ విషయంలో ఏకీభవించారు. వాక్యాలన్నీ కలిశాయి, ఆ వాక్యాలను వినదగని మనుషులు మాత్రం బయట ఉండిపోయారు.

దీన్నిబట్టి కొందరు మిత్రులు, ఈ మాటే శత్రువర్గానిది, వదిలేద్దామంటారు. నేను ఒప్పుకోను. మాటకు నేరం అంటదు. చీలికలతో అలసిన వామపక్షానికి, విడివిడిగా పోరాడుతున్న రైతుకూ కూలీకీ విద్యార్థికీ కలయిక అవసరం లేదని ఎవరు చెప్పగలరు? కావలసింది పరీక్ష. ఆ పరీక్ష కూడ మన పాత శాస్త్రంలోనే దొరుకుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో, పదాలు కలిసి వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలన్నాడు.

ఆకాంక్ష అంటే ఒక పదం మరొక పదాన్ని కోరడం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే వాక్యం కాదు. దేనికీ మరొకదానితో పని లేదు. మనుషుల కలయికలోనూ మొదట అడగవలసింది ఇదే: ఎవరికి ఏమి కావాలి? మా నివేదికలో లోపించింది ఇదే.

యోగ్యత అంటే అర్థాలు పొసగడం. నిప్పుతో తడపమంటే వ్యాకరణం తప్పదు గాని అర్థం కుదరదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కర్ ఈ లోపాన్నే ఎత్తిచూపాడు. రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం పక్కపక్కన పెట్టుకొని మనం ఒక వైరుధ్యంలో అడుగుపెడుతున్నామని హెచ్చరించాడు. ఆయన ఆ రెండింటినీ సమన్వయపరచమనలేదు. వైరుధ్యాన్ని తొలగించమన్నాడు.

సన్నిధి అంటే ఎడం లేకపోవడం. ఒక పదం ఇప్పుడు, మరొక పదం జాముకొకటిగా పలికితే వాక్యం కాదు. ఇక్కడ మనం మన ఇంటిని కూడ చూసుకోవాలి. 1946లో పుచ్చలపల్లి సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాశాడు. ఆ పేరులో రెండు మాటలున్నాయి. మొదటిది 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌గా వచ్చింది. రెండవది రాలేదు. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ఆదాయం గురించీ ఉద్యోగాల గురించీ హామీలు ఇచ్చారు. వాటి లెక్క అడుగుతూ 1969లో ఉద్యమం వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. కలిసిన రోజుకూ ఇచ్చిన మాట నెరవేరవలసిన రోజుకూ మధ్య ఎడం పెరిగితే ఒకే భాష మాట్లాడేవారికి కూడ వాక్యం విరిగిపోతుంది. కలయికను కోరినందుకు నేను ఆ తరాన్ని నిందించను. షరతుల మాట మరచి కలయికనే జపించిన మనందరినీ నిందిస్తాను.

1900లో ఇస్క్రా పత్రికను ప్రారంభిస్తూ లెనిన్ కూడ, ఏకం కావడానికి ముందు భేదాల సరిహద్దులు తేల్చుకోవాలన్నాడు. ఇది కలయికకు అడ్డు చెప్పడం కాదు. కలిసేదెవరో, దేనికోసమో తెలుసుకొని కలవమనడం.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. సమన్వయం అన్న మాట ప్రభుత్వ ప్రకటనలో కనబడినా, మన సంఘం తీర్మానంలోనే కనబడినా, విద్యార్థులచేత ఖండాన్వయం చేయించండి. ఎవరు సమన్వయపరిచారు? ఎవరెవరిని? దేనికోసం? ఎవరి మాట మిగిలిపోయింది? చివరి ప్రశ్నను నన్ను వంటశాలలో ఒకామె అడిగింది. ఆమె వ్యాకరణం చదువుకోలేదు.