ఒక్క యేటి యధికారము

మనుష్యుడు చేపట్టు పదవులలో విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘమునకు కార్యదర్శి యగుట వంటి అల్పమైన పదవి మఱియొకటి లేదని లోకము తలచును. దానికి జీతము లేదు, గది లేదు, బంట్రోతు లేడు. శిక్షించుటకు అధికారము లేదు, బహూకరించుటకు ధనము లేదు. ఏడాది తిరుగునప్పటికి పదవి పోవును. మఱి రెండేండ్లకు ఆ పదవిని ఎవరు నిర్వహించిరో ఎఱిగినవారు ఆ ప్రాంగణమున ఒక్కరును మిగులరు. అయినను, నేను వహించిన బాధ్యతలన్నింటిలో నన్ను మిక్కిలిగా తీర్చిదిద్దినది ఏదియని ఎవరైన నడిగినచో, వాల్తేరు విశ్వవిద్యాలయమున చదువుకొను దినములలో మా తెలుగు విద్యార్థుల సాహిత్య సంఘమునకు కార్యదర్శిగా నుండిన సంవత్సరమేయని సంకోచము లేక చెప్పుదును. అంత చిన్న యధికారములో అంతటి సారము ఎక్కడినుండి వచ్చినదో విచారింపవలెనని నాకు చాలకాలముగా కోరిక.

తక్కిన సంఘములకును విద్యార్థి సంఘమునకును మౌలికమైన భేదమొకటి గలదు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వంటి సంస్థలలో ఒక తరమువారు జీవితాంతము సభ్యులుగా నుండి, తాము ప్రారంభించినది వర్ధిల్లుటను తామే చూడగలరు. విద్యార్థి సంఘమునకు ఆ భాగ్యము లేదు. ఒకరు ఉద్యోగమునకు, ఒకరు పరిశోధనకు, ఒకరు సొంతయూరికి వెడలిపోగా, కొలది యేండ్లలో అందలి సభ్యులెల్లరును మాఱిపోవుదురు; స్థాపించినవారి ముఖములను గాని, దానికొఱకు శ్రమించినవారి కంఠములను గాని ఎఱిగినవారు అచ్చట ఉండరు. అయినను సంఘము ఉండును, దానికదే పేరు ఉండును, ఏటేట సభలు జరుగుచునే యుండును. మనుష్యులందఱును మాఱగా మాఱక నిలిచినది ఏది? ఒక తీర్మానముల పుస్తకము, ఒక జమాఖర్చుల చిట్టా, కొన్ని నియమములు, ఆ నియమముల కంటెను బలవత్తరములైన కొన్ని ఆచారములు - ఇంతే. వీనిని వెళ్ళిపోవువారి చేతినుండి గ్రహించి రాబోవువారి చేతిలో నుంచు నడిమి మనిషియే కార్యదర్శి. తాను చూడని పూర్వులకు అతడు ఋణపడినవాడు. తాను చూడబోని పరులకు బాధ్యుడైనవాడు.

ఈ నడిమి మనిషి చేయు పని ఎంతటి ఫలమునకు కారణము కాగలదో మన సాహిత్య చరిత్రయే చెప్పుచున్నది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆంధ్రభాషాభిరంజని యను సంఘమొకటి యుండెడిది. పందొమ్మిదవ శతాబ్ది ముగియుచున్న దినములలో ఆ సంఘము నడపిన రచనల పోటీకై, ఆ కళాశాలలో చదువుకొనుచున్న యువకుడొకడు 'ముసలమ్మ మరణము' అను కావ్యమును వ్రాసెను. చెఱువుకట్ట తెగనున్న వేళ తన ప్రాణమునిచ్చి గ్రామమును కాపాడిన రైతుకుటుంబపు కోడలిని నాయికగా నిలిపిన ఆ చిన్న కావ్యమును, ఆధునికాంధ్ర కవిత్వమునకు తొలి వెలుగులలో నొకటిగా విమర్శకులు గణించిరి. ఆ యువకుడే కట్టమంచి రామలింగారెడ్డి. 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షులైన మహామేధావి. అయితే ఆ పోటీని తలపెట్టినదెవరో, ప్రకటనను వ్రాసినదెవరో, వచ్చిన రచనలను సేకరించి పరీక్షకుల కందజేసినదెవరో నేటి పాఠకలోకము స్మరింపదు. ఇది అన్యాయమని నేననుకొనను. కవికి కీర్తి చెందవలెను. ఆ కవి కలమెత్తుటకు ఒక సందర్భమును కల్పించినవారికి, కల్పించితిమన్న తృప్తి చాలును. పేరు మిగులని పనిలో గూడ మనసు పూర్తిగా పెట్టవచ్చునని ఇరువదియేండ్ల ప్రాయమున తెలిసికొనుట సామాన్యమైన విద్య కాదు.

ఇక అధికారము మాట. కార్యదర్శి యెవరినిగాని ఆజ్ఞాపింపలేడు, అందఱిని అడుగవలసినవాడే. చందా యిమ్మని తోటివారిని, అధ్యక్షత వహింపుమని ఆచార్యులను, ఉపన్యసింపుమని పొరుగూరి పండితుని, సాయంకాలము మఱొక గంటసేపు హాలు తెఱచియుంచుమని కావలివానిని, కుర్చీలు సర్దుటకు రమ్మని వసతిగృహపు మిత్రులను - ఇట్లు ప్రతిదినము ఎవరినో యొకరిని అడుగుటతోనే అతని యేడాది గడచును. అడిగి పని చేయించుట ఆజ్ఞాపించి చేయించుటకంటె కష్టతరము; ఏలయనగా ఆజ్ఞాపించువాడు ఎదుటివానిలోని భయమును తెలిసికొన్న చాలును, అడుగువాడు ఎదుటివాని ఇష్టమును తెలిసికొనవలెను. ఎవని దస్తూరి ముత్యములవలె నుండునో వానికి నోటీసుబోర్డు నప్పగింపవలెను. ఎవడు పదిమందిలో నోరు విప్పజాలక, విప్పవలెనని లోలోపల తపించుచుండునో వానికి వందన సమర్పణ నొప్పగింపవలెను. ఒక మనిషిలో దాగియున్న శక్తిని వానికంటె ముందుగా గుర్తించి, దానికి తగిన పనిని చేతికిచ్చినప్పుడు ఆ ముఖమున కలుగు వికాసమును చూచినవానికి, అధికారమనగా ఏమియో మఱియొకరు బోధింపనక్కఱలేదు.

మౌనముగా నుండు సభ్యుని గూర్చి ఇంకొక మాట చెప్పవలెను. జవహర్లాల్ నెహ్రూ కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల విద్యార్థిగా నున్నప్పుడు, అచ్చటి చర్చాసంఘమున ఒక టర్మంతయు మాటలాడని సభ్యుడు జుల్మానా చెల్లింపవలెనను నియమముండెడిదనియు, బిడియముచేత తాను పలుమాఱు ఆ జుల్మానానే చెల్లించితిననియు ఆత్మకథలో వ్రాసికొనెను. కోట్లాది ప్రజలు ఎవని మాటకై ఎదురుచూచిరో, ఆయన ఒకప్పుడు వెనుకవరుసలో జుల్మానా కట్టుచు కూర్చుండిన సభ్యుడు. సంఘము నడపువాని దృష్టి వేదికమీదనే నిలిచిపోయినచో ఇట్టివారు వానికి కానరారు. సభ వక్త కొఱకు మాత్రమే కాదు. వినుచు వినుచు పరిపక్వమగుచున్నవానికొఱకు గూడ. వాడు నేడు మాటలాడకపోవచ్చును. రేపు రావలెననిపించునట్లు సభ యుండవలెను.

కార్యదర్శి చేయు పనులలో అతికఠినమైనది తీర్మానముల పుస్తకము వ్రాయుట. ఛందోబద్ధమైన పద్యమునకును వచన కవితకును మా సంఘమున ఎంతటి వాగ్వాదములు జరిగెడివో, ఆ వాదములు వసతిగృహపు భోజనశాలలో ఎంత రాత్రివఱకు సాగెడివో నాటి విద్యార్థులకు తెలియును. నేను ఒక పక్షమువాడను. మఱునాడు పుస్తకము తెఱచి, నాకు నచ్చని పక్షమువారి వాదమును, వారు వినిపించినంత బలముగా, వారు చదివి ఔననునట్లు వ్రాయవలసివచ్చినప్పుడు, నా కలము ఆగి ఆగి సాగెడిది. ఆ యభ్యాసమే నాకు న్యాయబుద్ధి యననేమో నేర్పినది. ఇట్టి పుస్తకము విలువ యెట్టిదో చూపు ఉదంతమొకటి గలదు. ఆక్స్‌ఫర్డు విద్యార్థుల చర్చాసంఘమైన యూనియనులో 1933 ఫిబ్రవరిలో, రాజుకొఱకును దేశముకొఱకును ఎట్టి పరిస్థితులలోను యుద్ధము చేయబోమను తీర్మానము 275-153 ఓట్లతో నెగ్గినది. దేశమంతట ఆగ్రహము చెలరేగినది. కొందఱు కోపోద్రిక్తులు యూనియను పుస్తకమునుండి ఆ పుటలను చించివేసిరి. తీర్మానమును దాఖలాలనుండి తొలగింపవలెనని మార్చిలో మఱియొక ప్రతిపాదన రాగా, సభ 750-138 ఓట్లతో దానిని తిరస్కరించినది. తీర్మానమును బలపఱచినవారు 275 మంది. దానిని చెఱుపరాదన్నవారు 750 మంది. ఈ రెండంకెలకు నడుమనున్న దూరములోనే సంఘజీవితపు ధర్మమంతయు ఇమిడియున్నది. ఒక నిర్ణయముతో ఏకీభవింపకపోవచ్చును, దానిని రేపటి సభలో మార్చుటకు యత్నింపవచ్చును. కాని జరిగినది జరుగలేదని వ్రాయరాదు.

ధనము విషయమున గూడ ధర్మమిదియే. విద్యార్థి సంఘపు పెట్టెలో నుండునది స్వల్పధనము. కాని అందలి ప్రతి రూపాయియు ఇంటినుండి మనియార్డరు వచ్చువఱకు కాఫీ మానుకొన్న ఏ విద్యార్థిదో యగును. స్వల్పధనమని లెక్క చూపనివాడు అధికధనమునకు గూడ లెక్క చూపడు. పదునాలుగేండ్లు నందిగ్రామమున పాదుకలను ముందిడికొని రాజ్యము నడపిన భరతుడు, అన్నగారు తిరిగివచ్చిన దినమున చేసిన మొదటి పనులలో నొకటి, కోశమును ధాన్యాగారమును పురమును సైన్యమును చూచుకొనుమని విన్నవించుట. ఆ సమస్తమును నీ తేజస్సుచేత పదింతలు చేసితినని చెప్పుట. ఆనందబాష్పములు రాలుచున్న ఆ క్షణమున గూడ భరతుడు లెక్క యప్పగించుట మఱవలేదు. రాజ్యము తనది కాదని ఎఱిగినవాడు గనుకనే దానిని అంత శ్రద్ధగా పెంచెను, అంత సుఖముగా విడిచెను.

విడుచుట తెలిసినవానికే పదవి శోభించును. రామలింగారెడ్డిగారి జీవితము ఇందులకు గూడ ఉదాహరణమే. కేంబ్రిడ్జిలో విద్యార్థిగా నుండి అచ్చటి యూనియనుకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైన ఆయన, తాము రూపుకట్టించిన విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష పదవికి, 1930లో ప్రభుత్వ దమననీతిని నిరసించుచు రాజీనామా సమర్పించిరి. 1936లో అదే పీఠమునకు మరల వచ్చిరి. విడువలేని పదవి మనిషిని పాలించును. విడువగలిగిన పదవిని మనిషి పాలించును.

కావున ఈ యేట ఏ విశ్వవిద్యాలయమునందైనను ఒక చిన్న సంఘమునకు కార్యదర్శిగా ఎన్నికైన యువతీయువకులకు నా విన్నపము ఇది. మీ పేరు ఆహ్వానపత్రమున ఎంత పెద్ద అక్షరములలో పడినదో చూడకుడు. మీకు నచ్చని మాటను గూడ యథాతథముగా పుస్తకమున కెక్కింపుడు. ప్రతి రూపాయికి రశీదు నుంచుడు. మీ సంవత్సరము ముగియకముందే మీ తరువాతివారిని వెదకి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పుడు. మీరు వెళ్ళిపోయిన మఱునాటి సాయంకాలము సభ యథావిధిగా జరిగినచో, మీరు మీ పదవిని చక్కగా నిర్వహించినట్లే.