ఆవఘాటుకు పాపపుణ్యాలున్నాయా?

ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము, విడిగా నిల్వ ఉన్న గ్లూకోసినోలేటులను తాకి దానిని పుట్టిస్తుంది. ఆవకాయ ప్రియులు అది తమ కోసమే అనుకుంటే అది వేరు మాట. ఈ రసాయనాల తయారీలో పాల్గొనే ఒక జన్యువు, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లపు తయారీకి తోడ్పడే జన్యువుకు పూర్వమెన్నడో ఏర్పడిన నకలు. అసలుది తన పని మానలేదు. అదనపు ప్రతి ఉత్పరివర్తనాలతో కొత్త పనికి మళ్లింది, పురుగులను తట్టుకున్న మొక్కల సంతతిలో నిలిచిపోయింది.

ఇందులో ఇచ్ఛ లేదు. కాబట్టి మొక్క హింసించిందనడం ఎంత అసంగతమో, ఆత్మరక్షణ చేసుకుందని మెచ్చుకోవడమూ అంతే. మనిషి సంగతి వేరు. నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు మేతగా పనికిరావాలని, గ్లూకోసినోలేటులు తక్కువగా ఉండే ఆవ రకాలను అతడు తెలిసి ఎంచుకున్నాడు. ఆ చేలపై పురుగు విజృంభిస్తే, అది ప్రకృతి చేసిన పనేనని తప్పుకోలేడు.